కనకవ్వ రొట్టె, ఓదెలు గోడ

ఓదెలుకు ఒకటే దిగులు. తాను జ్ఞాని అయిపోయి ఏడాదిన్నర దాటింది, గురువు మాత్రం ఇంకా గమనించనేలేదు.

ఊరు గమనించింది. చుట్టూ ఏడూళ్ళు గమనించాయి. ఓదెలు వస్తుంటే మేకలు కూడా మేత ఆపి దారి ఇస్తున్నాయని చెప్పుకునేవారు. ఒక్క పోశాగౌడు గురువే, ఎప్పుడు వెళ్ళినా వచ్చినప్పుడు "కూసో" అనేవాడు, పోయేటప్పుడు జాగ్రత్త చెబుతూ "పైలం" అనేవాడు. ఆరేళ్ళ శిష్యరికంలో ఓదెలు సంపాదించుకున్న ఉపదేశాలన్నీ కలిపితే ఒక పోకచెక్క మీద రాయొచ్చు, ఇంకా కొంచెం జాగా మిగులుతుంది.

పోశాగౌడు మామూలు మనిషి కాదు. నలభై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. ఆయన ఎక్కిన చెట్లన్నీ ఒకదాని మీద ఒకటి నిలబెడితే చందమామ దగ్గరికి పోయి, అక్కడ కాసేపు నడుం వాల్చి, పొద్దు గూకకముందే ఇంటికి రావచ్చు. చుక్క కల్లు నాలుక మీద వేసుకుని అది ఏ వనంలో, ఏ వరసలో, ఎన్నో చెట్టుదో చెప్పేవాడు. ఆ పూట ఆ చెట్టు మీద ఏ పిట్ట వాలిందో కూడా చెప్పేవాడట.

మోకాళ్ళు అరిగాక, చెట్టెక్కే మోకును దండేనికి వేలాడదీసి, ఊరి చివర తాటివనంలోనే గుడిసె వేసుకుని కూర్చున్నాడు. మనసు నిలవనివాళ్ళు ఒక్కొక్కరే ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆయన ఎవరినీ పిలవలేదు. బెల్లం ఏనాడైనా చీమల్ని పిలిచిందా?

వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పే మాట ఒకటే.

"మనసు కదలకుండ చూసుకో బిడ్డా. మిగిలింది అదే చూసుకుంటది."

ఓదెలు గోడలు కట్టే మేస్త్రీ. కదలకుండా ఉండడం అంటే ఏమిటో అతనికి ఇంకొకరు చెప్పాలా? అతను కట్టిన గోడ మీద పిడుగు పడితే పిడుగుకే బొప్పి కట్టేది. గోడ కట్టడం పూర్తికాగానే భుజం ఆనించి నెట్టి చూడడం మేస్త్రీల అలవాటు. నెట్టినా నిలిచిందే గోడ.

మరి మనసును దేనితో నెట్టి చూడాలి?

ఓదెలు మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు, ఆదివారం పూట, కల్లుతో నెట్టాడు.

ఆదివారం ఎండ దిగే వేళకు తాటివనం అంచున ఉన్న కల్లు మండువ దగ్గర ఊరంతా చేరుతుంది. చెట్టు నుంచి దించిన కల్లుకుండ, అదే లొట్టి, చల్లగా మధ్యలో ఉంటుంది. తాటాకు మడిచిన పట్టలో పోసుకుని తాగుతారు. నాలుగు పట్టలకు నర్సింగం కరణీకం చేస్తాడు, అక్షరం ముక్క రానివాడు. ఐదు పట్టలకు సాయిలు తన ఎద్దును బావా అని పిలుస్తాడు. ఆరు పట్టలకు ఎద్దు కూడా పలుకుతుందని సాయిలు ఒట్టేసి చెబుతాడు.

ఓదెలు పది పట్టలు తాగాడు. లేచాడు. పక్కనే తాను సగం కట్టి వదిలిన మట్టిగోడ ఎక్కాడు. అది నడుమెత్తు గోడ, జానెడు వెడల్పు. గోడ నిలువు చూసే ఇనుప గుండును దారంతో వేలికి వేలాడదీసుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. గుండు ఊగలేదు. దాని మీద వాలిన ఈగ నిద్రలేవలేదు.

జనం నోరు తెరిచారు. ఆ తెరిచిన నోళ్ళలోకి కల్లు పోయడానికి కూడా ఎవరికీ గుర్తురాలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. పది పట్టలు, గోడ, గుండు. మనసును జయించినవాడికి మత్తు లేదని ఓదెలుకు తెలిసిపోయింది. ఆ తెలిసిపోవడం అతని నడకలో కూడా కనిపించేది. పొలాల గట్లు కూడా తన కోసమే చదును అయినట్టు నడిచేవాడు.

జ్ఞానానికి ఒక్కటే అడ్డం ఉంది. దాని పేరు కనకవ్వ. ఓదెలు భార్య.

ఆదివారం మగడు మండువకు బయలుదేరితే కనకవ్వ గడపలో అడ్డంగా కూర్చునేది. ముందు తినాలి, తర్వాతే తాగాలి. వాళ్ళమ్మ ఆమెకు పెట్టిన సారెలో రెండు బిందెలు, ఒక మేక, ఈ ఒక్క మాట ఉన్నాయి. మేక పోయింది, బిందెలకు సొట్టలు పడ్డాయి, మాట మాత్రం కొత్తగానే ఉంది.

ఆమె చేసే జొన్నరొట్టె అలాంటిలాంటిది కాదు. వానలో ముగ్గురు పిల్లలు దాని కింద తలదాచుకోవచ్చు. అలాంటివి నాలుగైదు, పక్కన మాంసం కూర, నువ్వుల పొడి. అవి కడుపులో పడ్డాక, ఎండబెట్టిన సొరకాయ బుర్ర నిండా నీళ్ళు పోసి మగడి మొలకు కట్టేది.

"పట్టకొక్క గుక్క తాగు. బుర్రల చుక్క మిగిలినా ఇంట్లకు రానియ్య."

ఉత్త బెదిరింపు కాదు. ఒకసారి సగం బుర్ర నీళ్ళు మిగిలి వచ్చినందుకు ఆమె చదివిన దండకం విని, వీధి చివర గుడ్డు పెట్టబోతున్న కోడి రెండు రోజులు వాయిదా వేసుకుంది. అందుకని ఓదెలు కల్లుకూ కల్లుకూ మధ్య బుర్ర ఎత్తి నీళ్ళు తాగేవాడు. నీళ్ళు తాగే అంతసేపు కల్లు ఆగేది. పక్కవాళ్ళు రెండు పట్టలు తాగేలోపు అతనిది ఒకటి అయ్యేది.

ఇదంతా జ్ఞానికి పెళ్ళాం పెట్టే పరీక్ష అనుకుని ఓర్చుకున్నాడు ఓదెలు.

అట్లా ఉండగా, ఒక ఆదివారం గుట్టపల్లి నుంచి ముత్యం పటేలు వచ్చాడు. గుట్టపల్లిలో కొత్తగా ఒక మఠం కట్టారు. అరుగు ఉంది, పందిరి ఉంది, తెల్ల సున్నం వేసిన గోడలున్నాయి. గురువు ఒక్కడే లేడు. పటేలు ఓదెలు నడక చూశాడు, గుండును చూశాడు, ఈగను కూడా చూశాడు. చూసి, చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"మీరు మా ఊరికి రావాలె. అరుగు మీద కూసోవాలె. పోశాగౌడు గురువు తన శాలువా మీ భుజం మీద ఏసి పంపితే, మా ఊరు మొత్తం మీ కాళ్ళ కాడుంటది."

"వస్త," అన్నాడు ఓదెలు.

"అయితే ఒక్క మాట. మఠంల ఉండేటోడు ఒంటరిగుండాలె. ఇల్లు, సంసారం పనికిరాదు. మా ఊరు పెట్టుకున్న కట్టడి."

"దానికేంది," అన్నాడు ఓదెలు. జానెడు గోడ మీద నడిచేవాడికి గడప దాటడం ఒక లెక్కా?

ఆ సాయంత్రం కనకవ్వ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతోంది. ఓదెలు కంచం ముందు కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"కనకా, నేను పోతున్న."

"పోయి రా. వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు పట్టుకరా."

"గట్ల కాదే. ఇల్లిడిచి పోతున్న. గుట్టపల్లి మఠానికి."

ఆమె రొట్టె తిప్పింది. "ఎన్నొద్దులకు?"

"ఇగ ఎప్పటికీ."

"మరి తిండి?"

"జ్ఞానికి తిండితోని ఏం పనే?" అన్నాడు ఓదెలు, నాలుగో రొట్టె తుంచుతూ.

కనకవ్వ కాసేపు ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎంత కొత్త సంగతంటే, దూలం మీద బల్లి తల వంచి చూసింది.

"పద్దెనిమిదేండ్లయింది నేనొచ్చి," అంది చివరికి. అని కళ్ళు తుడుచుకుంది. పచ్చికట్టె పొగ అనుకున్నాడు ఓదెలు. ఆ పూట పొయ్యిలో ఉన్నవన్నీ ఎండుకట్టెలే.

"పోతే పో. పొయ్యే ముందు పెరటి గోడ నిలబెట్టి పో. నీ జ్ఞానం సంగతేమోగాని, పందులు జొరబడుతున్నయి."

తెల్లారి ఓదెలు తాటివనానికి వెళ్ళాడు. పోశాగౌడు గుడిసె ముందు కూర్చుని తాటినార పేనుతున్నాడు. ఆయన భుజం మీద తెల్లటి శాలువా ఉంది. ఎన్ని వానలు చూసిందో, ఎన్ని ఎండలు చూసిందో, మల్లెపువ్వు దాన్ని చూసి సిగ్గుపడేలా ఉండేది.

"కూసో," అన్నాడు గురువు.

ఓదెలు కూర్చోలేదు. "గురువా, నా మనసు నిలిచింది."

"సంతోషం."

"పది పట్టలు తాగినా కదలదు."

"చూసిన."

చూశాడట! ఓదెలు గుండె తాటిచెట్టంత ఎత్తు ఎగిరింది. గుట్టపల్లి మాట, మఠం మాట, శాలువా మాట, ఇల్లు విడిచే మాట అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

గురువు నార పేనడం ఆపలేదు. పేనుతూనే అడిగాడు.

"నిన్న ఏం తిన్నవ్?"

ఓదెలు తెల్లబోయాడు. "జొన్నరొట్టె."

"ఎన్ని?"

"నాలుగు. ఐదోది... ఐదోది గూడ తిన్న."

"దేంతోని?"

"మాంసం కూర. నువ్వుల పొడి."

"తాగకముందా, తాగినంకనా?"

"ముందే. లేకుంటే అది గడప దాటనియ్యది గద."

"నీళ్ళు?"

"బుర్రెడు. పట్టకొక్క గుక్క." ఓదెలుకు ఇక ఆగలేదు. "నేను మోక్షం సంగతి అడుగుతుంటే, మీరు తిండి సంగతి అడుగుతరేంది గురువా?"

"నేను గూడ గదే అడుగుతున్న బిడ్డా," అన్నాడు పోశాగౌడు.

నార కొసకు ముడి వేసి పక్కన పెట్టాడు. "ఆయితారం రా. గుట్టపల్లోళ్ళను గూడ రమ్మను. అదే చెట్టు కల్లు, అదే పొద్దు, అదే గోడ. నడిచినవంటే శాలువా నీదే. ఒక్కటే మాట. శనివారం మాపటి సంది రొట్టె ముట్టకు. బుర్ర ఇంట్ల పెట్టి రా."

"గంతేనా?" అన్నాడు ఓదెలు.

"గంతే. పైలం."

ఆ వారమంతా ఓదెలు నేల మీద నడవలేదు. మొలకు బుర్ర లేకుండా పోవచ్చని గురువే చెప్పాడు! పద్దెనిమిదేళ్ళ బంధం ఒక్క మాటతో తెగింది. పెరటి గోడ నిలబెట్టాడు, కనకవ్వ మొహం చూడకుండానే.

ఆదివారం బయలుదేరే వేళకు కనకవ్వ ఎప్పటిలాగే రొట్టె ముందు పెట్టింది. ఓదెలు కంచం జరిపాడు.

"గురువు వద్దన్నడు."

"ఆయనకేం, చెట్టు కింద కూసున్నడు. నడిచేది నువ్వు గద!"

గురువు వద్దన్నది రొట్టెను, బుర్రను మాత్రమే. ఓదెలు తన సొంత భక్తి కొద్దీ మంచినీళ్ళు కూడా మానుకున్నాడు. పొరుగింటి బాలవ్వ గోడ మీంచి తొంగి చూసి, "ఆయన తినకుంటే తినకపాయె, నువ్వన్న తినవే" అంది. మగడు తిన్నాక తినడమే కనకవ్వకు తెలుసు. రొట్టెలు పాత గుడ్డలో మూటగట్టి, బుర్ర నింపి, మగడు అంత దూరం పోయాక ఆమె కూడా వెనకే బయలుదేరింది.

తాటివనం దగ్గర జాతరయింది. గుట్టపల్లి నుంచి వచ్చిన బండ్లు లెక్కపెట్టడానికి ఇద్దరు పట్వారీలు కావాలి. ముత్యం పటేలు కొత్త పంచె కట్టుకుని, గోడ పక్కనే దండం పెడుతూ నిలబడ్డాడు. గోడకు ఇవతల, మట్టి తొక్కే గుంటలో, ఊరు విడిచేలోపు గోడ ముగించాలని ఓదెలు స్వయంగా కలిపిన అడుసు నిగనిగలాడుతోంది.

గురువు తన చేత్తోనే పట్టలో కల్లు పోశాడు.

మొదటి పట్ట తాగాడు ఓదెలు. ఎప్పుడూ రొట్టెల మీద కూర్చుని మెల్లగా పాకే వెచ్చదనం ఈసారి ఎక్కడా ఆగలేదు. తిన్నగా మోకాళ్ళ దాకా దిగి, అక్కడి నుంచి తిరిగి చెవుల్లోకి ఎక్కింది. చెయ్యి అలవాటుగా మొల దగ్గర తడిమింది. బుర్ర లేదు.

రెండో పట్ట వెంటనే తాగాడు, మధ్యలో ఆగడానికి పని లేదు కదా. తాటిచెట్లు రెండు వంగి ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకున్నాయి. తన గురించే.

మూడో పట్ట అయ్యాక, "చాలు," అన్నాడు గురువు.

"మూడేనా?" అన్నాడు ఓదెలు. అనేటప్పుడు ఆ మాట ఎక్కడినుంచో, పక్కూరి నుంచి వచ్చినట్టు వినిపించింది. "పది తాగేటోణ్ణి! పదీ!"

"నడువు బిడ్డా."

ఓదెలు గోడ ఎక్కాడు. ఎక్కడానికి మూడుసార్లు పట్టింది, గోడ ప్రతిసారీ కొంచెం పక్కకు జరుగుతోంది. దారం వేలికి చుట్టుకున్నాడు. గుండు వేలాడింది. వేలాడి, పెళ్ళివారి డప్పు మీద కర్రలా అటూ ఇటూ ఆడడం మొదలుపెట్టింది.

"గాలి," అన్నాడు ఓదెలు జనంతో.

వనంలో ఆకు కదలడం లేదు.

రెండు అడుగులు వేశాడు. మూడో అడుగు దగ్గర ఆగి, కింది గోడను అనుమానంగా చూశాడు.

"ఇది నేను కట్టిన గోడ గాదు."

"నువ్వే కట్టినవ్ మేస్త్రీ!" అని ఎవరో అరిచారు.

"గాదు! నేను కట్టిన గోడ కదలదు. ఇది కదులుతుంది. ఎవడో మార్చిండు. పటేలా! గోడ పట్టుకో!"

ముత్యం పటేలు భక్తిపరుడు. గబుక్కున ముందుకొచ్చి రెండు చేతులతో గోడను గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంకా గట్టిగ పట్టు పటేలా! అటు పోతుంది! పోతుంది!"

గోడ ఎటూ పోలేదు. ఓదెలు పోయాడు. తాను కలిపిన అడుసులోకే, నిలువునా. ఆ చప్పుడు ఏడూళ్ళకు వినిపించింది. నాలుగో ఊళ్ళో ఉరిమిందనుకుని కళ్ళంలో ఆరబోసిన వడ్లు ఎత్తుకున్నారు.

నవ్వు ఎలా లేచిందంటే, తాటిచెట్ల మీది గద్దలు మళ్ళీ రెండు రోజుల దాకా ఆ వనం మీద వాలలేదు.

అడుసులోంచి ఓదెలు తల బయటికి వచ్చింది. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ కళ్ళు జనంలో ఒక్క మనిషినే వెతికాయి.

"కనకా! రొట్టె! నీళ్ళు!"

కనకవ్వ అప్పటికే గుంట అంచున ఉంది. మూట విప్పి ఇచ్చింది. ఓదెలు అడుసులో కూర్చునే రెండు రొట్టెలు మింగాడు. బుర్ర ఎత్తి, చివరి చుక్క దాకా గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. తుడుచుకోవడం వల్ల మూతికి ఇంకొంచెం మట్టి అంటింది.

"తిన్న! తాగిన! ఇగ చూడుండ్రి!"

లేచి గోడ ఎక్కాడు. ఒక్క అడుగు వేశాడు. మళ్ళీ అడుసులో పడ్డాడు.

ఈసారి అతనికే నమ్మకం కలగలేదు. తిన్నాడు కదా. తాగాడు కదా. అదే రొట్టె, అవే నీళ్ళు. మరి గోడ ఎందుకు ఆగడం లేదు? పిల్లాడిలా గురువు వైపు చూశాడు.

పోశాగౌడు లేచాడు. ఆ మోకాళ్ళతో లేవడమంటే మాటలు కాదు. రెండు కీళ్ళూ పాత తలుపుల్లా కిర్రుమన్నాయి. నడిచి వచ్చి, అడుసు గుంటలో దిగాడు. ఓదెలు పక్కనే, ఆ మట్టిలోనే, పీట మీద కూర్చున్నంత నిమ్మళంగా కూర్చున్నాడు. మల్లెపువ్వు లాంటి శాలువా అంచు తడిసింది. నవ్వు ఆగిపోయింది. నవ్విన నోళ్ళు ఎలా మూసుకోవాలో తెలియక జనం అలాగే నిలబడ్డారు.

"ఊర్కో బిడ్డా," అన్నాడు గురువు మెల్లగా. "ముందు రావాల్సిన చుట్టం ఎనకొచ్చింది. ఎనకొస్తే కడుపు నింపుతది, దప్పి తీరుస్తది. ఎక్కిన మత్తును మాత్రం పొద్దే దించాలె."

"ఎంతసేపు?"

"దానిష్టం. కూసో."

ఆరేళ్ళలో మొదటిసారి ఓదెలు ఆ మాట విన్న వెంటనే కూర్చున్నాడు.

ఇద్దరూ కూర్చున్నారు. తాటిచెట్ల నీడలు ఒక్కో అడుగే జరిగాయి. గురువు ఒక్క ముక్క మాట్లాడలేదు, ఒక్కసారి ఒళ్ళు కదపలేదు. దోమ వచ్చి ఆయన ముక్కు మీద వాలి, ఇది విగ్రహమేమో అనుకుని దండం పెట్టి పోయింది. అంతటి మనిషి తన పక్కన మట్టిలో కూర్చున్నాడన్న సంగతి ఓదెలు బుర్రలోకి నీడతో పాటే నిదానంగా దిగింది. నీడలు గుంట దాటేసరికి తాటిచెట్లు గుసగుసలు ఆపి నిటారుగా నిలబడ్డాయి. గోడ కూడా తన చోటికి తాను వచ్చి నిలిచింది.

ముత్యం పటేలు ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడు. చేతులు విడిచి, బెదురుతూ అడిగాడు.

"మరి ఇన్నొద్దులు ఎట్ల నడిచిండు గురువా? నా రెండు కండ్లతోని చూసిన గద."

పోశాగౌడు కనకవ్వ చేతిలోని మూట వైపు చూశాడు.

"ఇన్నొద్దులు గోడ మీద నడిచింది రొట్టె. ఓదెలు ఇయ్యాల్నే నడిచిండు."

ఓదెలు తల దించుకుని తన చేతిని చూసుకున్నాడు. వేలికి దారం ఇంకా ఉంది. గుండు మట్టిలో ఎక్కడో ఉంది.

గురువు భుజం మీది శాలువా తీశాడు. గుట్టపల్లి జనం మెడలు నిక్కించారు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, గుంట అంచున నిలబడ్డ కనకవ్వకు అందించాడు.

"రొట్టెలు కట్టుకో బిడ్డా. నీ మూటగుడ్డ పాతదైంది."

"అయ్యో, మసైతది గురువా!"

"కానియ్యి," అన్నాడు పోశాగౌడు. "గందుకే ఇస్తున్న."

గుట్టపల్లి బండ్లు వెనక్కి మళ్ళాయి. మఠం అరుగు మీద ఆ ఏడాది మిరపకాయలు ఎండబెట్టారట. అలాంటి మిరపకాయలు ఏడు జిల్లాల్లో ఎవరూ తినలేదట. ఒక్క కాయ తుంచితే మూడు వీధులు తుమ్మాయట.

ఓదెలు, కనకవ్వ ఇంటికి వచ్చారు. దారిలో ఆమె ముందు నడిచింది. అతను వెనక నడిచాడు. ఒళ్ళంతా మట్టి ఎండి, అడుగు వేస్తే పెంకులు రాలుతున్నాయి. ఇల్లు చేరాక కాళ్ళు కడుక్కుని, నేల మీద కూర్చున్నాడు. కనకవ్వ పొయ్యి రాజేసింది. పిండి కలిపింది. పెనం మీంచి మొదటి రొట్టె తీసి, ఎప్పటిలాగే అతని కంచంలో వేసింది.

ఓదెలు రొట్టె ముట్టుకోలేదు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు.

కనకవ్వ చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆమె లేచి వచ్చి, పిండి చేత్తోనే మగడి నుదురు తాకి చూసింది.

"ఇంకా దిగలేదా నీకు?"

ఓదెలు కంచం ఆమె వైపు జరిపాడు. లేచి, కడవలోంచి చెంబెడు నీళ్ళు ముంచి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె మొదటి ముక్క నమిలి మింగేదాకా, కదలకుండా, చూస్తూ కూర్చున్నాడు.